ఊడిన గుండీలు, పొడుగైన ప్యాంట్లు, బిగుతైపోయిన జాకెట్లు ఇంట్లోనే సరిచేసుకోవాలని ఉంది. కుట్టు అసలే రానివాళ్లు 35 దాటాక నేర్చుకోవచ్చా? ముందు మిషన్ కొనాలా, క్లాసులో చేరాలా?

నిక్షేపంగా నేర్చుకోవచ్చండి. మిషన్ మాత్రం ఇప్పుడే కొనకండి, క్లాసుకీ తొందరపడకండి. మన దగ్గర టైలరింగ్ క్లాసు అంటే చాలాచోట్ల జాకెట్టు కటింగుకే పరుగు. మీరు రాసింది ఊడిన గుండీలు, పొడుగైన ప్యాంట్లు, బిగుతైపోయిన జాకెట్ల గురించి. వాటిలో చాలామటుకు చేతి సూదితో తీరిపోయేవే.

నేను నలభైల్లో మొదలుపెట్టాను, అదీ మగవాణ్ని. పెళ్లిళ్ల సీజన్లో ఒక్క ప్యాంటు కాళ్లు మడిచి కుట్టమంటే మా వీధి టైలరు వచ్చే నెల రమ్మన్నాడు. మా ఎదురింటి అక్క చీరలకి ఫాల్ కుడుతుంది. ఆవిడకిద్దామని తీసుకెళ్తే "కూర్చో తమ్ముడూ, నువ్వే కుట్టు" అని సూది చేతిలో పెట్టింది.

ఆవిడ చెప్పిన మొదటి మాట దారం గురించే. మూరెడుకి మించి తీయొద్దంది. పొడుగు దారమైతే మాటిమాటికీ ఎక్కించే పని తప్పుతుందనుకుంటాం గానీ, చిక్కులు విప్పుకోడానికే పొద్దు గడిచిపోతుంది.

గుండీతో మొదలుపెట్టండి. బట్టకి అదిమి కుట్టేస్తే కాజాలో ఇమడదు, పెట్టినప్పుడల్లా లాగి మళ్లీ ఊడుతుంది. గుండీ మీద రెండు బెజ్జాల మధ్య ఒక అగ్గిపుల్ల పెట్టి, దారం దాని మీదుగా పోయేలా కుట్టండి. అయ్యాక పుల్ల తీసేసి గుండీని పైకి లాగితే, ఆ వదులంతా కిందికి దిగి చిన్న మెడలా నిలబడుతుంది. సూదిని గుండీకీ బట్టకీ మధ్యకి తెచ్చి, ఆ మెడకి నాలుగైదు చుట్లు బిగించి చుట్టి, వెనక్కి పోనిచ్చి ముడేయండి. ఇంక చొక్కా చిరగాలే తప్ప గుండీ ఊడదు.

తర్వాత హెమ్మింగ్, అంటే అంచు మడిచి కుట్టడం. కొత్త కాటన్ ప్యాంటైతే ముందు ఒకసారి ఉతకండి, కుట్టాక కుంచించుకుపోతే చేసేదేమీ లేదు. ఫాల్ని కూడా తడిపి ఆరేశాకే కుట్టేది అందుకే. మడతని ఇస్త్రీ చేసి, గుండుసూదులు గుచ్చి, పై బట్టలో ఒకటి రెండు పోగులు మాత్రమే సూదికి తగిలేలా పట్టండి. దారం బిగలాగితే బయట గుంటలు పడతాయి.

జాకెట్టు బిగుతైతే లోపల తిప్పి చూడండి. మంచి టైలరైతే పక్కల్లో ఖాళీ వదిలి, రెండు మూడు వరసల కుట్లు వేసి ఉంచుతాడు. లోపలి వరస విప్పితే చాలు. బ్లేడుతో నాలుగైదు కుట్లకొకటి తెంపి, అవతలి వైపు దారం పట్టి లాగితే వరసంతా జారి వస్తుంది. కుట్టు పావంగుళం బయటికి జరిగినా ముందూ వెనకా, రెండు పక్కలా కలిపి మొత్తం అంగుళం వదులొస్తుంది.

ఇవి చేతికొచ్చాక మిషన్ సంగతి చూడొచ్చు. నేను పాత తొక్కుడు మిషన్ తీసుకున్నాను. వేగం కాళ్ల చేతిలో ఉంటుంది కనుక కొత్తవాళ్లకి భయం తక్కువ. దారం లేకుండా, అరిగిపోయిన సూదితో, గీతల కాగితం మీద కొన్నాళ్లు నడపండి. చక్రం వెనక్కి తిరగకుండా కాలు అలవాటు పడాలి.

మిషన్ మీద కుట్టేటప్పుడు బట్ట అడుగున దారం ఉండలు కడితే అందరూ బాబిన్ని, అంటే కింది దారం చుట్టి ఉండే చిన్న చుట్టని, తిడతారు. చాలాసార్లు తప్పు పై దారానిది. బట్టని నొక్కే పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే, దారాన్ని బిగువుగా పట్టుకునే టెన్షన్ పలకలు మూసుకుని ఉండి దారం వాటి మధ్యకి దిగదు. పాదం ఎత్తి మళ్లీ ఎక్కించండి, బిగువు మార్చే స్క్రూ జోలికి పోకుండానే సరిపోతుంది.

జీన్సుకి జిప్పు మార్చడం మాత్రం ఇప్పటికీ టైలరుకే ఇస్తాను. అన్ని మడతలు విప్పి మళ్లీ పేర్చే ఓపిక నాకు లేదు.