జీతంలో సగం టోకెన్లు ఇస్తామంటే ఏం చేయాలి?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ ఫైనలియర్. క్యాంపస్‌లో ఒక సర్వీస్ కంపెనీ నుంచి ఏడాదికి మూడున్నర లక్షల ఆఫర్ వచ్చింది. అది వద్దంటాడు. నలుగురు కుర్రాళ్లు కలిసి పెట్టిన ఎన్ఎఫ్‌టీ గేమ్ కంపెనీలో చేరతాడట. నెలకు 20 వేలు చేతికిస్తారు, ఇంకో 30 వేల విలువ చేసే టోకెన్లు ఇస్తారు. పైగా గేమ్ అర్థం కావాలంటే ముందు లక్షన్నర పెట్టి క్యారెక్టర్లు కొనుక్కోమన్నారట. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇది ఉద్యోగమా, జూదమా? (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: ముందు ఆ లక్షన్నర సంగతి. ఇవ్వకండి. ఉద్యోగం ఇచ్చేవాడు మనకు డబ్బివ్వాలి గానీ మన దగ్గర తీసుకోకూడదు, గల్ఫ్ వీసాకైనా బ్యాంకు ఉద్యోగానికైనా ఇదే లెక్క. గేమ్ చూసుకోవడానికి కంపెనీయే టెస్టింగ్ అకౌంట్ ఇవ్వాలి. హోటల్లో వంటకు కుదిరినవాడిని ముందు వంద మీల్స్ టికెట్లు కొనుక్కోమంటారా?

ఇక మీవాడి మీద కోప్పడకండి. 2021లో, వాడు బహుశా టెన్తో ఇంటరో ఆన్‌లైన్ క్లాసులు వింటున్న రోజుల్లో, ఫోన్ తెరిస్తే చాలు ఆడుతూ సంపాదించండి అన్న మాటే కనిపించేది. ఆ మాట వెనకున్న పెద్ద కథ ఆక్సీ ఇన్ఫినిటీ అనే గేమ్‌ది, దాని సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది.

దాన్ని తయారుచేసింది వియత్నాంకు చెందిన స్కై మావిస్ అనే కంపెనీ. ఆడాలంటే ఆక్సీలనే బొమ్మ జంతువులు మూడు కొనాలి, ఒక్కోటీ ఒక ఎన్ఎఫ్‌టీ, అంటే ఇది ఫలానావాడిదని బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి కంప్యూటర్ ఖాతాపుస్తకంలో రాసిపెట్టిన డిజిటల్ వస్తువు. 2021లో బాగా గిరాకీ ఉన్నప్పుడు ఆ మూడింటికీ కలిపి వందల డాలర్లు పడేది. ఆడి గెలిస్తే ఎస్ఎల్‌పీ అనే టోకెన్లు (ఒకరకం క్రిప్టో నాణేలు) వస్తాయి, వాటిని అమ్ముకుంటే డబ్బు. కొవిడ్ లాక్‌డౌన్లో పని పోయిన ఫిలిప్పీన్స్ జనం, కబనతువాన్ లాంటి ఊళ్లలో, దీన్నే బతుకుతెరువు చేసుకున్నారు. కొనే స్తోమత లేనివాళ్లకు ఎవరో ఒకరు ఆక్సీలు అద్దెకిచ్చి వచ్చినదాంట్లో వాటా తీసుకునేవారు, ఆడేవాడిని స్కాలర్ అనీ అద్దెకిచ్చినవాడిని మేనేజర్ అనీ పిలిచేవారు. పేరు స్కాలర్, చేసేది కౌలు వ్యవసాయం.

మరి ఆ ఎస్ఎల్‌పీ ఎవరు కొంటారు? దానికున్న అసలు వాడకం ఒక్కటే: రెండు ఆక్సీలను కలిపి కొత్త పిల్లను పుట్టించడానికి ఖర్చుపెట్టాలి. ఆ పిల్లను ఎవరికి అమ్ముతారు? కొత్తగా ఆటలోకి వచ్చేవాడికి. అంటే పాతవాడి సంపాదనంతా కొత్తగా చేరేవాడి జేబులోంచే రావాలి, చేరేవాళ్లు తగ్గిన రోజున టోకెన్లు పుడుతూనే ఉంటాయి కానీ కొనేవాడు ఉండడు. 2021 జులైలో ఒక్కో ఎస్ఎల్‌పీ 30 సెంట్లు దాటింది, 2022 మధ్యకొచ్చేసరికి ఒక సెంటు కూడా లేదు. మన దగ్గర గొలుసుకట్టు స్కీములు చూసినవాళ్లకు ఇది కొత్త కథేం కాదు. చీటీతో పోల్చబోయాను గానీ అది చీటీకి అన్యాయం, అక్కడ సభ్యులెందరో తెలుసు, పాటెప్పుడో తెలుసు.

కాబట్టి మీవాడిని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఆడేవాడికి డబ్బు వస్తుందంటున్నారు కదా, అది ఎవరి డబ్బు? సినిమా చూసినవాడు టికెట్ కొంటాడు, సంతోషం కోసం డబ్బు వదులుకుంటాడు, అందుకే సినిమా వ్యాపారం నడుస్తుంది. వచ్చిన ప్రతివాడూ పెట్టినదానికన్నా ఎక్కువ పట్టుకుపోవాలని వస్తే ఆ తేడా ఎక్కడ నుంచి పుడుతుంది? ప్రకటనల నుంచా, సరదా కోసం డబ్బు పెట్టే ఆటగాళ్ల నుంచా? వాళ్లకు దీనికి సూటి జవాబు ఉంటే మంచిదే, వినండి. టోకెన్ విలువ పెరుగుతుంది అన్నదే జవాబైతే అది జవాబు కాదు.

ఇక మీవాడు బహుశా మీతో వాదించబోయే రెండో మాట, ఇందులో వస్తువు మనకే సొంతం, కంపెనీ కూడా లాక్కోలేదు అని. (ఇక్కడ నుంచి బాబూ, నీతోనే మాట్లాడుతున్నాను, నాన్నగారు చదివి వినిపిస్తారనే నమ్మకంతో.) నీ పేరు మీద ఉండేది బ్లాక్‌చెయిన్ లెడ్జర్లో ఒక నంబరు. కత్తి బొమ్మ, దాని యానిమేషన్, ఎంత దెబ్బ తగలాలనే లెక్క, అన్నీ కంపెనీ సర్వర్లో ఉంటాయి. ఎఫ్1 డెల్టా టైమ్ అనే గేమ్‌లో 2019 మే నెలలో ఒక కారు ఎన్ఎఫ్‌టీని లక్ష డాలర్లకు పైనే పెట్టి ఎవరో కొన్నారు. 2022 మార్చిలో ఆ గేమ్ మూసేశారు. కారు నంబరు బ్లాక్‌చెయిన్ మీద ఎవరూ లాక్కోకుండా భద్రంగానే ఉంది, నడపడానికి రోడ్డే లేదు. కంపెనీ బదులుగా వేరే గేమ్‌లో వేరే కార్లు ఇస్తామంది, అది వాళ్ల మంచితనం, సొంతదారుడి హక్కు కాదు. ఒక గేమ్‌లో కొన్న కత్తిని ఇంకో గేమ్‌కి తీసుకెళ్లొచ్చనే మాట కూడా అంతే, ఆ రెండో గేమ్ వాళ్లు కూర్చుని ఆ కత్తిని మళ్లీ తయారుచేయాలి, ఎందుకు చేస్తారు? ఇక ఆటగాళ్లు వస్తువులు కొనుక్కోవడం అమ్ముకోవడం కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్ మార్కెట్లో ఎప్పటి నుంచో నడుస్తోంది, మామూలు డేటాబేస్‌తోనే. డీబీఎంఎస్ సబ్జెక్టు చదివావు కదా, ఇందులో బ్లాక్‌చెయిన్ ఏ పని చేస్తోందో నువ్వే ఆలోచించు.

గేమింగ్‌లోనే కెరీర్ కావాలంటున్నావు కాబట్టి ఆ రంగంలో వాళ్లు దీన్ని ఎలా చూస్తారో కూడా తెలుసుకో. స్టీమ్ నడిపే వాల్వ్ 2021 అక్టోబర్లో ఎన్ఎఫ్‌టీలు, క్రిప్టో మార్చుకునే గేమ్‌లను తన స్టోర్లోకి రానివ్వనంది. మైన్‌క్రాఫ్ట్ గేమ్ వాళ్లు 2022 జులైలో తమ ఆటలో ఎన్ఎఫ్‌టీలు వద్దన్నారు. యూబీసాఫ్ట్ 2021 డిసెంబర్లో ఘోస్ట్ రీకాన్ బ్రేక్‌పాయింట్ అనే గేమ్‌లో హెల్మెట్లూ తుపాకులూ ఎన్ఎఫ్‌టీలుగా పెడితే ఆటగాళ్లు తిట్టిపోశారు, కొన్ని నెలలకే ఆ గేమ్‌కి కొత్త అప్‌డేట్లు ఆపేశారు. గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్ వాళ్ల 2022 సర్వేలో దాదాపు 70 శాతం మంది డెవలపర్లు తమ స్టూడియోకి ఎన్ఎఫ్‌టీల మీద ఆసక్తి లేదన్నారు. అంటే రేపు నువ్వు ఇంటర్వ్యూకి వెళ్లే చోట కూర్చునేది వీళ్లే. అక్కడ పనిచేశావని తీసుకోకుండా ఉండరు, కానీ టోకెన్ గురించి ఎంత చెప్పినా వినరు, నువ్వేం కట్టావో చూపించమంటారు.

మళ్లీ నాన్నగారికి. ఆ 30 వేల టోకెన్లను సున్నా కింద లెక్కేసుకోండి. ఇది కోపంతో అంటున్నది కాదు, వాటిని ఎప్పుడు అమ్ముకోనిస్తారో, కొనేవాడు ఉంటాడో లేదో, ఆ రోజు రేటెంతో ఎవరికీ తెలీదు. అమ్ముకుని లాభమొస్తే 2022 నుంచి 30 శాతం పన్ను, నష్టమొస్తే ఇంకో క్రిప్టో లాభంలో కూడా సర్దుకోనివ్వరు. ఇక 20 వేలకు ఆ పని చేయడానికి మీవాడు సిద్ధమేనా? అవునంటే అప్పుడు మాట్లాడొచ్చు. ఆ 30 వేలు చూసే వెళ్తున్నానంటే, మీరన్నట్టు అది జూదానికి దగ్గరే.

చట్టం సంగతి కూడా ఒకటుంది. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం అలాంటి ఆట నడిపినవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి వరకు జరిమానా. డబ్బుగా మార్చుకోగలిగే టోకెన్లనూ కాయిన్లనూ ఆ చట్టం పందెం సొమ్ములోకే తెచ్చింది. మీ గేమ్ దీని కిందకి వస్తుందా, లాయర్ ఏమన్నాడు అని కంపెనీని రాతపూర్వకంగా అడగమనండి. నవ్వి దాటేస్తే అక్కడికక్కడే లేచి వచ్చేయమనండి.

ఇంకొకటి, ఇది కుర్రాళ్లంతా వినాలి. ఆక్సీ ఆటగాళ్ల డబ్బు దాచే రోనిన్ అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ నుంచి 2022 మార్చి 23న 60 కోట్ల డాలర్లకు పైగా దొంగలెత్తుకుపోయారు, ఎవరో ఒక ఆటగాడు తన డబ్బు తీసుకోబోతే రాకపోయేసరికి ఆరు రోజుల తర్వాత గానీ కంపెనీకే తెలియలేదు. ఉత్తర కొరియా హ్యాకర్ల పనని అమెరికా ఎఫ్‌బీఐ చెప్పింది. లోపలికి ఎలా వచ్చారంటే, పత్రికల్లో వచ్చిన కథనం ప్రకారం, ఆ కంపెనీ ఇంజినీరుకి లింక్డ్‌ఇన్‌లో దొంగ ఉద్యోగం ఎరవేశారు, రౌండ్ల మీద రౌండ్లు ఇంటర్వ్యూలు చేశారు, ఆఖరికి భారీ జీతంతో పీడీఎఫ్‌లో ఆఫర్ లెటర్ పంపారు, అది తెరవగానే పనైపోయింది. అంత అనుభవమున్నవాడే ఆఫర్ లెటర్ చూసి మోసపోయాడు. టెస్ట్ అసైన్‌మెంట్ అంటూ ఎవరైనా కోడ్ పంపి నడపమంటే, సొంత ల్యాప్‌టాప్‌లో కాకుండా విడిగా వర్చువల్ మెషీన్‌లో నడుపు.

సర్వీస్ కంపెనీ మూడున్నర లక్షలు స్వర్గమని నేననను, చాలామంది అక్కడ చేరి ప్రాజెక్టు లేక ఏడాది పాటు బెంచ్ మీద కూర్చోవడం చూశాను. కానీ నెలనెలా జీతం పడుతుంది, సాయంత్రాలు మిగులుతాయి. ఆ సాయంత్రాల్లో గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు యూనిటీతో సీ షార్ప్, లేదా గోడో (ఇది పూర్తిగా ఉచితం) పట్టుకుని ఒక చిన్న గేమ్ పూర్తిచేసి, చిన్న గేమ్‌లు పెట్టుకునే ఇచ్.ఐఓ అనే సైట్లో పెట్టమనండి. ‘పూర్తిచేసి’ అన్న మాటను ఒత్తి చెబుతున్నాను. సగం సగం చేసిన పది ప్రాజెక్టులు ఎవరికీ అక్కర్లేదు, చెట్టు మీంచి కోతి దూకే ఆటైనా సరే, మొదలూ చివరా ఉండి, ముక్కూమొహం తెలియనివాళ్లు ఇరవై మంది ఆడితే చాలు. గేమ్ జామ్‌లలో (తక్కువ గడువులో గేమ్ తయారుచేసే పోటీలు) రెండు రోజులు నిద్రమానుకుని పనిచేస్తే కాలేజీలో నాలుగేళ్లలో తెలియనిది తెలుస్తుంది. హైదరాబాద్‌లో ఈఏ లాంటి పెద్ద గేమ్ సంస్థకే ఎప్పటి నుంచో ఆఫీసుంది, చిన్న స్టూడియోలూ ఉన్నాయి. వాళ్లు అడిగేది సీ ప్లస్ ప్లస్, లెక్కలు, మల్టీప్లేయర్ సర్వర్ ఎలా పనిచేస్తుందో తెలుసా అని.

ఇంత చెప్పినా ఆ నలుగురి కంపెనీ మీదే మనసుంటే, జీతమంతా బ్యాంకులో పడేలా, టోకెన్లు బోనస్ మాత్రమేననీ, డిపాజిట్ ఏదీ లేదనీ ఆఫర్ లెటర్లో రాయించుకోమనండి. సంతకం చేసేముందు పేర్లు కొట్టేసి ఆ కాగితం నాకు పంపండి, చూసి చెబుతాను. క్యాంపస్ ఆఫర్‌కి జవాబిచ్చే ఆఖరు తేదీ ఎప్పుడో కూడా రాయండి, అది దాటిపోతే మనం మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.