లెక్సస్ హైబ్రిడ్ కొంటే పెట్రోలు ఆదా అవుతుందా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులం. ఉమ్మడి ఆదాయం ఏడాదికి 2,60,000 డాలర్లు. ఇద్దరు పిల్లలు. పెద్దవాడు నాలుగేళ్ళలో కాలేజీకి వెళ్తాడు, వాడి 529 ఖాతాలో (కాలేజీ చదువు కోసం దాచే పొదుపు ఖాతా) 18 వేల డాలర్లే ఉన్నాయి. తెనాలి నుంచి మా అత్తయ్యగారు, మామయ్యగారు ఏటా ఆరు నెలలు వచ్చి ఉంటారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. మా 2017 హోండా పైలట్ ఎక్కడానికి చాలా ఇబ్బంది పడుతున్నారు. దాని అప్పు తీరిపోయింది, లక్షా 5 వేల మైళ్ళు తిరిగింది. ఏడాదికి సుమారు 15 వేల మైళ్ళు నడుపుతాం. ఇప్పుడు లెక్సస్ టీఎక్స్ 500హెచ్ అనే పెద్ద హైబ్రిడ్ బండి, అంటే పెట్రోలు ఇంజన్‌కు తోడు కరెంటు మోటారు కూడా ఉండేది, చూశాం. 74 వేలు చెప్పారు. 20 వేలు ముందు కట్టి, మిగిలింది 6.5 శాతం వడ్డీకి ఆరేళ్ళ అప్పు తీసుకోవాలని ఆలోచన. అదే టీఎక్స్ 350, అంటే హైబ్రిడ్ కానిది, 63 వేలు. హైబ్రిడ్ కాబట్టి ఆ తేడా పెట్రోలు ఖర్చులో తిరిగి వచ్చేస్తుందని మావారి నమ్మకం. నిజంగా వస్తుందా?

జవాబు: రాదండి. మీ అంకెలతోనే లెక్క వేద్దాం. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క ప్రకారం ఇంజన్ బలం నాలుగు చక్రాలకూ అందే రకం టీఎక్స్ 350 గ్యాలనుకు 23 మైళ్ళు ఇస్తుంది, టీఎక్స్ 500హెచ్ 27 మైళ్ళు ఇస్తుంది. ఏడాదికి 15 వేల మైళ్ళకు మొదటిది 652 గ్యాలన్లు తాగుతుంది, రెండోది 556. తేడా 96 గ్యాలన్లు. గ్యాలను 3 డాలర్లనుకుంటే ఏడాదికి మీకు మిగిలేది 290 డాలర్లు. ధరలో తేడా 11 వేలు. దాని మీద టెక్సస్ అమ్మకపు పన్ను 6.25 శాతం కలిపితే 11,700 దాకా అవుతుంది. అంటే పెట్టిన డబ్బు వెనక్కి రావడానికి 40 ఏళ్ళు. గ్యాలను 5 డాలర్లకు పెరిగినా 24 ఏళ్ళు. అన్నేళ్ళు ఎవరి దగ్గరా ఏ బండీ ఉండదు.

అలాగని పెద్ద బండ్లలో హైబ్రిడ్ పనికిరాదని అనుకోకండి. ఆ మాట చాలామంది చెబుతారు కానీ అది తప్పు. 2008లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ సైన్స్ పత్రికలో ఒక విషయం చూపించారు. గ్యాలనుకు ఎన్ని మైళ్ళు అన్న అంకె మన కళ్ళను మోసం చేస్తుంది. 35 మైళ్ళిచ్చే కరోలా నుంచి 57 మైళ్ళిచ్చే ప్రియస్‌కు మారితే 22 మైళ్ళు పెరిగాయి కాబట్టి ఎంతో లాభమనిపిస్తుంది. 15 వేల మైళ్ళకు మిగిలేది 165 గ్యాలన్లు. మీ పైలట్ ఈపీఏ లెక్కలో 22 మైళ్ళు ఇస్తుంది. దాని నుంచి 34 మైళ్ళిచ్చే పెద్ద బండికి మారితే పెరిగింది 12 మైళ్ళే, కానీ 241 గ్యాలన్లు మిగులుతాయి. ఎక్కువ తాగే బండి దగ్గరే పొదుపు చేయడానికి ఎక్కువ చోటుంది. అందుకే మైళ్ళ అంకె పక్కన పెట్టి, ఏడాదికి ఎన్ని గ్యాలన్లు పోయించాలో లెక్క వేసుకోమని నా దగ్గరకు వచ్చే ప్రతి కుటుంబానికీ చెబుతాను.

మరి 34 మైళ్ళిచ్చే అంత పెద్ద బండి ఉందా? ఉంది. లెక్సస్ కూడా టయోటా వాళ్ళదే కాబట్టి, మీరు చూసిన టీఎక్స్‌కు అది తోబుట్టువు లాంటిది. టయోటా గ్రాండ్ హైలాండర్ హైబ్రిడ్, అదీ నాలుగు చక్రాల రకమే, 34 మైళ్ళు ఇస్తుంది. రెండూ ఇండియానా రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్ కర్మాగారంలోనే తయారవుతాయి. మరి ఒకటి 27, ఇంకొకటి 34 ఎందుకు ఇస్తున్నాయి?

ఇక్కడే మీరు జాగ్రత్తగా చూడాలి. హైబ్రిడ్ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు ఉద్దేశాలున్న బండ్లు అమ్ముడవుతున్నాయి. గ్రాండ్ హైలాండర్ మామూలు హైబ్రిడ్‌లో టర్బో (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టి బలం పెంచే పరికరం) లేని 2.5 లీటర్ల ఇంజన్ ఉంటుంది. మోటారుతో కలిపి 245 హార్స్‌పవర్. అందులో మోటారు పని ఇంజన్‌కు విశ్రాంతి ఇవ్వడం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, డాలస్ నార్త్ టోల్‌వే మీద సాయంత్రం అంగుళం అంగుళం కదిలేటప్పుడు ఇంజన్ ఆగిపోతుంది. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిని బ్యాటరీలోకి తిరిగి పట్టుకుంటుంది. టీఎక్స్ 500హెచ్‌లో 2.4 లీటర్ల టర్బో ఇంజన్, దానికి తోడు మోటార్లు, మొత్తం 366 హార్స్‌పవర్. హైబ్రిడ్ కాని టీఎక్స్ 350కి 275. మీరు ఎక్కువ పెట్టే 11 వేలలో ఇంకొంత సౌకర్యం ఉంది, 91 హార్స్‌పవర్ ఉంది. పెట్రోలు పొదుపు మాత్రం వాటి వెనక మిగిలిన కొసరు. టయోటాలో కూడా గ్రాండ్ హైలాండర్ హైబ్రిడ్ మ్యాక్స్ అని ఇంకో రకం ఉంది. 362 హార్స్‌పవర్, అది కూడా 27 మైళ్ళే. పేరు చూసి పొరపడకండి.

ఈ ధోరణి కొత్తది కాదు. 2009లో వచ్చిన క్యాడిలాక్ ఎస్కలేడ్ హైబ్రిడ్ 6 లీటర్ల వీ8 ఇంజన్‌తో ఊరిలో 20 మైళ్ళు ఇచ్చింది. 2013 తర్వాత దాన్ని ఆపేశారు.

టోల్‌వే సంగతి ఇంకోటి చెప్పాలి. హైబ్రిడ్ లాభం ఆగుతూ కదులుతూ ఉండే దారిలోనే ఎక్కువ. నేను చెప్పిన 34 మైళ్ళ గ్రాండ్ హైలాండర్ హైబ్రిడ్‌కే ఊళ్ళో 36, హైవే మీద 32 మైళ్ళు. మీ 15 వేల మైళ్ళలో ఎక్కువ భాగం హ్యూస్టన్, ఆస్టిన్ ప్రయాణాలే అయితే నేను వేసిన లెక్కలో కొంత తగ్గించుకోండి.

ఇక అసలు బరువైన ఖర్చు పెట్రోలు కానే కాదు. 74 వేలకు పన్ను కలిపి, 20 వేలు తీసేస్తే అప్పు 58,600 పైమాట. నెలకు 985 డాలర్ల వాయిదా. మొదటి ఏడాది వడ్డీయే 3,500 దాటుతుంది. పైలట్ నుంచి 500హెచ్‌కు మారితే ఏడాదికి పెట్రోలులో మిగిలేది 380. ఒక నెల వడ్డీకి కాస్త ఎక్కువ, అంతే. ఆపైన తరుగుదల ఉంది. ఐదేళ్ళలో బండి సగం విలువ కోల్పోతుందనుకుందాం, ఏడాదికి 7,400. ఈ అంకె మనకు ఏ నెలా బిల్లుగా రాదు కాబట్టి కుటుంబ బడ్జెట్లలో కనబడదు. అమెరికాలో తయారైన కొత్త బండి అప్పు వడ్డీకి 2025 నుంచి 2028 వరకు ఆదాయపు పన్నులో తగ్గింపు ఉందని డీలరు చెప్పి ఉండవచ్చు. ఉమ్మడి ఆదాయం 2 లక్షల డాలర్లు దాటితే అది తగ్గుతూ వచ్చి రెండున్నర లక్షల దగ్గర పూర్తిగా పోతుంది. మీకు వర్తించదు.

బ్యాటరీ పోతుందేమోనన్న భయం మాత్రం పెట్టుకోకండి. 2020 మోడల్ నుంచి టయోటా, లెక్సస్ హైబ్రిడ్ బ్యాటరీకి 10 ఏళ్ళు లేదా లక్షా 50 వేల మైళ్ళ వారంటీ ఇస్తున్నాయి.

నేను మీ స్థానంలో ఉంటే ఏం చేస్తానో చెబుతాను. మీ ఉత్తరంలో నాకు గట్టిగా వినిపించింది మైలేజీ కాదు, అత్తయ్యగారి మోకాళ్ళు. ఆ అవసరం నిజమైనది, దానికి డబ్బు ఖర్చు పెట్టడంలో తప్పు లేదు. కానీ ఎత్తయిన ఎస్‌యూవీ ఆ అవసరం తీర్చదు, అది లెక్సస్ అయినా సరే. టయోటా సియెనా చూడండి. నేల తక్కువ ఎత్తులో ఉంటుంది, తలుపు పక్కకు జరుగుతుంది, మూడో వరుసలో పెద్దవాళ్ళు కూర్చోవచ్చు. 2021 మోడల్ నుంచి అన్నీ హైబ్రిడ్‌లే, ముందు చక్రాల రకం 36 మైళ్ళు ఇస్తుంది. మినీవ్యాన్ అంటే మొహం చిట్లించేవాళ్ళు మనవాళ్ళలో చాలామంది ఉన్నారు. గుడి ముందు దిగేటప్పుడు ఏ బండి బాగుంటుందన్నది అక్కడ దిగే పెద్దావిడనే అడగాలి.

బండి కొనడం ఇంకో ఏడాది వాయిదా వేయగలిగితే పైలట్‌ను ఉంచుకోండి. దాని వీ6 ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉంటుంది. లక్ష మైళ్ళు దాటింది కాబట్టి ఇంకా మార్చకపోతే ఈ నెలలోనే మార్పించండి, వాటర్ పంపుతో సహా. ఆ బెల్టు తెగితే ఇంజన్ పాడైపోతుంది. తలుపు దగ్గర కాలు పెట్టుకునే మెట్టు బిగిస్తే ఈసారి వచ్చినప్పుడు అత్తయ్యగారికి కాస్త తేలికవుతుంది. వాయిదా కట్టాల్సిన ఆ 985 డాలర్లను ఈ ఏడాదంతా నెలనెలా 529లో వేస్తే ఇప్పుడున్న 18 వేలు దాదాపు 30 వేలవుతాయి. కాలేజీ నాలుగేళ్ళలోనే ఉంది కాబట్టి ఆ డబ్బంతా షేర్లలో పెట్టకండి.

మీవారికి లెక్సస్ మీద మనసు ఉందంటారా? అప్పుడు దాన్ని కోరికగానే కొనుక్కోండి, టీఎక్స్ 350 తీసుకోండి, ఆ 11 వేలు అబ్బాయి ఖాతాలో వేయండి. పెట్రోలు మూత దగ్గర ఏ ఆక్టేన్ (పెట్రోలు రకాన్ని చెప్పే అంకె) రాసి ఉందో కూడా చూడండి, ప్రీమియం రకం అయితే గ్యాలనుకు అర డాలరుకు పైగా ఎక్కువ.

ఈ శనివారం డీలరు దగ్గరకు వెళ్ళేటప్పుడు అత్తయ్యగారు ఇక్కడే ఉంటే ఆవిణ్ణి కూడా తీసుకెళ్ళండి. టీఎక్స్‌లో, గ్రాండ్ హైలాండర్‌లో, సియెనాలో మూడేసి సార్లు ఎక్కి దిగమనండి. మీ చెయ్యి పట్టుకోకుండా దేనిలోకి ఎక్కగలిగారో చూసి, దాని ధర నాకు రాయండి. అప్పు పత్రం మీద సంతకం పెట్టే ముందే ఆ లెక్క వేసి పంపుతాను.