మంకీ ఐలండ్ గేమ్ పాత సీడీ విండోస్ 11లో నడవట్లేదు, ఏం చేయాలి?

బొబ్బిలి నుంచి అడిగినవారికి. సీడీలోని ప్రోగ్రాము నొక్కితే "ఈ యాప్ మీ పీసీలో నడవదు" అని వస్తోందన్నారు. ల్యాప్‌టాప్‌లో లోపమేం లేదు. ఆ ప్రోగ్రాము పాతకాలపు 16 బిట్ రకం. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో అలాంటివి నడిపే ఏర్పాటే ఉండదు. పాత ప్రోగ్రాముల కోసం ఇచ్చే కంపాటిబిలిటీ మోడ్‌లో ఎన్ని టిక్కులు పెట్టినా అంతే.

అసలు ఆ ప్రోగ్రాము జోలికే పోకండి. మీకు కావాల్సింది డేటా ఫైళ్లు మాత్రమే. స్కమ్‌వీఎం అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, 2001 నుంచి వస్తోంది. పాత ప్రోగ్రాము చేసే పనంతా అదే చేస్తుంది. బొమ్మలూ మాటలూ మీ ఫైళ్లలోంచి తీసుకుంటుంది. సీడీ పెట్టేముందు దాని సైట్లోనే ఉచితంగా దొరికే 'బినీత్ ఎ స్టీల్ స్కై' (1994) అనే గేమ్ ఆడించి చూడండి. అది నడిచిందంటే మీ సెటప్ బాగున్నట్టే.

తర్వాత ఒక ఫోల్డర్ చేసి, సీడీలోంచి మంకీ.000, మంకీ.001 ఫైళ్లు అందులోకి కాపీ చేసి, స్కమ్‌వీఎంలో 'యాడ్ గేమ్' నొక్కి ఆ ఫోల్డర్ చూపించండి. గేమ్ దొరకలేదని అంటే దాదాపు ఎప్పుడూ కారణం ఈ రెండిట్లో ఒకటి: దానికి పైనున్న ఫోల్డర్ చూపించి ఉంటారు, లేదా కాపీ సగంలో ఆగి ఉంటుంది. మన ఉక్కపోతకి సీడీల మీద బూజు మచ్చలు కడతాయి కదా. మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కొనేముందు విజయనగరంలో ఏ సర్వీసు షాపులోనైనా కాపీ చేసిస్తారేమో అడగండి.

అందరూ ఇరుక్కునేది మ్యూజిక్ దగ్గర. ఈ గేమ్ సీడీలో సంగీతం ఆడియో ట్రాకులుగా ఉంటుంది, ఫైళ్లు కాపీ చేస్తే రాదు. 44 బైట్ల సీడీఏ ఫైళ్లు కనిపిస్తే మోసపోకండి, వాటిలో పాట ఉండదు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి సాఫ్ట్‌వేర్‌తో ట్రాకుల్ని ఫ్లాక్ అనే ఆడియో ఫైళ్లుగా తీసి, 'ట్రాక్' అనే ఇంగ్లీషు మాటకి ఖాళీ లేకుండా నంబరు తగిలించి అదే ఫోల్డర్లో పెట్టండి. సీడీ ఇమేజ్ (సీడీ మొత్తానికి ఫైలు రూపంలో నకలు) చేసుకునేవాళ్లు బిన్, క్యూ అనే రెండు ఫైళ్ల జతగా చేయాలి. ఐఎస్ఓ రకం ఇమేజ్‌లో ఆడియో పోతుంది.

బొమ్మ అడ్డంగా సాగితే 'యాస్పెక్ట్ రేషియో కరెక్షన్' ఆన్ చేయండి. 320×200 బొమ్మని 4:3 తెర కోసం గీశారు. సేవ్, సెట్టింగుల మెనూకి కంట్రోల్+ఎఫ్5.

సియెర్రా కంపెనీ పాత గేమ్స్ కూడా చాలావరకు స్కమ్‌వీఎంలోనే ఆడతాయి. ఆడనివాటికే డాస్‌బాక్స్, అంటే పాత డాస్ కంప్యూటర్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్. అక్కడ సైకిల్స్ (అనుకరించే ప్రాసెసర్ వేగం) 'మ్యాక్స్'లో పెట్టొద్దు. కొన్ని పాత గేమ్స్ ప్రాసెసర్ వేగాన్ని బట్టి టైమింగ్ లెక్కేస్తాయి, మరీ వేగమైతే సౌండ్ కార్డునే గుర్తించలేవు. 3000తో మొదలెట్టి, నత్తనడకైతే కంట్రోల్+ఎఫ్12తో పెంచండి, తగ్గించడానికి కంట్రోల్+ఎఫ్11. సౌండ్ సెటప్ అడిగితే సౌండ్ బ్లాస్టర్, పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 7, డీఎంఏ 1.

కాపీ మధ్యలో ఆగితే ఏ ఫైలు దగ్గర ఆగిందో కింద రాయండి.