పారుడు లేకున్నా అవి నట్టలే: గొర్రెలకు ఐరన్ టానిక్ ఆపండి

సందేహం: మాకు 60 గొర్రెలున్నాయి. వానలు పడ్డాక పది పన్నెండు నీరసించాయి. కళ్లు పాలిపోయాయి, దవడ కింద నీరు దిగింది. పారుడు లేదు. నట్టల (కడుపులోని పురుగుల) మందు ఆల్బెండజోల్ తలా 5 మి.లీ. తాగించినా గుణం రాలేదు. మందుల షాపులో రక్తహీనత అని చెప్పి ఐరన్ టానిక్, ప్రోబయోటిక్ పొడి ఇచ్చారు. పొడిలోని మంచి బ్యాక్టీరియా ఐరన్‌ను ఒంటికి పట్టిస్తుందన్నారు. నెల వాడాం, రెండు చనిపోయాయి. ఇంకా ఎన్నాళ్లు వాడాలి?
– ఒక రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా

సలహా: ఈ రోజే ఆపేయండి. మీ గొర్రెల్లో రక్తం తగ్గింది ఐరన్ అందక కాదు, రక్తం పోతున్నందుకు. మీరు రాసిన లక్షణాలన్నీ నాలుగో కడుపులో ఉండే రక్తం పీల్చే నట్టలవే. ఈ నట్టలకు పారుడు సాధారణంగా ఉండదు, పెంటిక గట్టిగానే పడుతుంది. పారుడు లేదు కాబట్టి నట్టలు కావనుకోవడమే మీరు చేసిన పొరపాటు. దవడ వాపు మేసి వచ్చిన సాయంత్రం ఎక్కువగా, తెల్లారేసరికి తక్కువగా ఉంటోందా, చూడండి. ఈసారి ఏదైనా జీవం చనిపోతే నాలుగో కడుపు కోయించి చూడండి. ఎర్ర దారం, తెల్ల దారం కలిపి పేనినట్టు రెండు మూడు సెంటీమీటర్ల పురుగులు కనబడతాయి.

ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మి.లీ. రక్తం తీస్తుంది. రెండు వేలు ఉంటే 100 మి.లీ. 30 కిలోల గొర్రెలో ఉండే రక్తమే రెండు లీటర్లు. ఇక టానిక్ పోయడమంటే చిల్లికుండలో నీళ్లు పోయడమే.

ప్రోబయోటిక్ సంగతి. లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియాలో కొన్ని రకాలు ఆహారంలోని ఐరన్ ఒంటికి పట్టడానికి తోడ్పడతాయని మనుషుల్లో జరిగిన పరిశోధనల్లో తేలింది. అది పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఐరన్ పట్టేది చిన్నపేగు మొదట్లో. గొర్రెకు వేసిన పొడి ముందు పెద్ద పొట్టలో కోట్లాది సూక్ష్మజీవుల మధ్య పడుతుంది, చిన్నపేగు దాకా చేరుతుందన్న భరోసా లేదు. పైగా బయట మేసే గొర్రెకు ఐరన్ కొరత చాలా అరుదు, మేతతోనూ దానికంటిన మట్టితోనూ కావలసినంత లోపలికి పోతుంది. టానిక్ సీసా మీద రాగి ఉందేమో కూడా చూడండి. ఆవులకు పనికొచ్చే రాగి మోతాదు గొర్రెకు విషం. కాలేయంలో చేరి చేరి ఒక్కసారిగా బయటపడితే కళ్లు పచ్చబడి, మూత్రం నల్లబడి, జీవం పోతుంది.

ఆల్బెండజోల్ ఎందుకు పనిచేయలేదో కూడా చెబుతాను. మోతాదు కిలోకు 7.5 మి.గ్రా. 2.5 శాతం మందైతే 30 కిలోల గొర్రెకు 9 మి.లీ. కావాలి, మీరు పోసింది 5. చాలీచాలని మందు పోస్తే బలమైన నట్టలు మిగిలి, మందుకు లొంగని సంతతిని పెంచుతాయి. తూకం వేయకుండా అన్నిటికీ ఒకే మూత కొలతతో పోయమనే షాపు సలహాలు మందల్ని పాడు చేస్తున్నాయి. షాపువాళ్లు మీ గొర్రెను చూడలేదు, పెంటిక చూడలేదు.

ఇప్పుడు చేయాల్సింది: ఐదారు జీవాల తాజా పెంటికలు వేర్వేరు కవర్లలో పశువైద్యశాలకు తీసుకెళ్లి పరీక్ష చేయించండి. నట్టలని తేలితే డాక్టరు పర్యవేక్షణలో క్లోసాంటెల్ అనే నట్టల మందు కిలోకు 10 మి.గ్రా. నోటి ద్వారా ఇవ్వాలి. 15 శాతం మందైతే 30 కిలోలకు 2 మి.లీ. తూకం వేసే పోయండి, మోతాదు మించితే చూపు పోతుంది. తల ఎత్తి పట్టి గబగబా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చూడి మొదటి నెలలో ఉన్నవాటికి ఆల్బెండజోల్ వద్దు. మందు పోసిన జీవాన్ని సీసా మీద రాసిన గడువు దాటేదాకా మాంసానికి అమ్మవద్దు.

బాగా పాలిపోయినవాటిని తరమకండి, పరుగెత్తిస్తే అక్కడే కూలిపోతాయి. కొట్టంలోనే ఉంచి మేత, రోజుకు 100 గ్రాముల వేరుశనగ చెక్క పెట్టండి. మిగతా మందను మంచు ఆరాకే తోలండి, చెరువు కట్ట కింది పచ్చికకు కొన్నాళ్లు వద్దు. పదిహేను రోజులకోసారి ప్రతి జీవం కింది కనురెప్ప లాగి చూడండి, ఎర్రగా ఉన్నవాటికి మందు అక్కర్లేదు. మందు పోసిన 14వ రోజు మళ్లీ పెంటిక పరీక్ష చేయించి, పెంటికలో నట్టల గుడ్ల లెక్క ఎంతకు తగ్గిందో మాకు రాయండి.