కలిసిన ప్రతిసారీ నాలుగు రోజులు మంచమే... ఇది జబ్బా, నా భ్రమా?

ప్రశ్న: నా వయసు 31. పెళ్లయి ఏడాది కావస్తోంది. భార్యతో కలిసిన అరగంట, గంటలోపే గొంతు గరగరలాడుతుంది, కళ్లు మండుతాయి, ముక్కు బిగుసుకుపోతుంది. తెల్లారేసరికి జ్వరం వచ్చినట్టు ఒళ్లంతా నొప్పులు. థర్మామీటర్ పెడితే ఏమీ ఉండదు. ఆఫీసులో రాసిన మెయిలే మళ్లీ చదివినా బుర్రకెక్కదు. నాలుగో రోజుకు దానంతటదే తగ్గిపోతుంది. డిగ్రీ రోజుల్లో హస్తప్రయోగం తర్వాత కూడా ఇలాగే ఉండేది. రెండుసార్లు టైఫాయిడ్ అన్నారు, ఒకరు బలానికి టానిక్ రాశారు, ఇంకొకరు 'అంతా నీ మనసులోనే' అన్నారు. ఓ సెక్స్ క్లినిక్‌లో నరాల బలహీనత అని చెప్పి వేలకు వేలు తీసుకున్నారు. దూరంగా ఉంటున్నానని నా భార్య బాధపడుతోంది. నాలో ఏదైనా లోపం ఉందా? మాకు పిల్లలు పుడతారా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

సలహా: మీ ఉత్తరంలో నన్ను ఆపింది జ్వరం కాదు, డిగ్రీ రోజుల ప్రస్తావన. అప్పుడు పెళ్లి లేదు, భార్య లేదు, కాపురంలో ఒత్తిడీ లేదు. అయినా ఇవే లక్షణాలు, ఇదే వరసలో వచ్చాయి, ఇలాగే తగ్గాయి. మీరు చెప్పినదంతా పోస్ట్ ఆర్గాస్మిక్ ఇల్‌నెస్ సిండ్రోమ్ అనే అరుదైన సమస్యకు బాగా దగ్గరగా ఉంది. పొట్టిగా పాయిస్ అంటారు. ఉత్తరం చదివి అదేనని తేల్చలేను గానీ, ఆ దిశగా చూడాల్సిన అవసరం మాత్రం కచ్చితంగా ఉంది.

ఈ పేరు మీరు చూపించుకున్న డాక్టర్లు విని ఉండకపోతే వాళ్లను మరీ తప్పుపట్టలేం. నెదర్లాండ్స్‌కు చెందిన మార్సెల్ వాల్డింగర్, ష్వైట్జర్ అనే వైద్యులు 2002లో ఇద్దరు రోగుల గురించి రాసేదాకా దీనికి పేరే లేదు. 2011లో వాల్డింగర్ బృందం 45 మంది మగవాళ్లను పరిశీలించి కొన్ని గుర్తులు చెప్పింది. స్ఖలనమైన కొద్ది సెకన్ల నుంచి కొన్ని గంటల్లోపు ఫ్లూ లాంటి లక్షణాలు, విపరీతమైన నీరసం, కళ్లమంట, మతిమరుపు, చిరాకు రావాలి. దాదాపు ప్రతిసారీ రావాలి. రెండు నుంచి ఏడు రోజులుండి వాటంతటవే పోవాలి. కొందరికి యుక్తవయసులో తొలి స్ఖలనం నుంచే ఉంటుంది, మరికొందరికి ఏళ్ల తర్వాత మొదలవుతుంది. స్త్రీలలోనూ అక్కడక్కడా కనిపించింది.

ఎందుకు వస్తుందో మాత్రం ఇంకా తేలలేదు. ఆ 45 మందిలో 33 మందికి వాళ్ల వీర్యాన్నే బాగా పలచన చేసి చర్మం మీద పరీక్షిస్తే 29 మందికి దద్దురు వచ్చింది. అంటే తన వీర్యమే తనకు పడకపోవడం, ఒక రకం అలర్జీ అని వాళ్ల వాదన. కానీ 2015లో చైనాలో ఒక రోగిని పరీక్షించిన వైద్యులకు మామూలు అలర్జీలకు కారణమయ్యే ఐజీఈ అనే యాంటీబాడీ పాత్ర ఉందనే రుజువు దొరకలేదు. భావప్రాప్తి సమయంలో మెదడులో విడుదలయ్యే, హాయినిచ్చే ఓపియాయిడ్ రసాయనాలు ఒక్కసారిగా పడిపోవడం వల్లనేమోనని మరో ఊహ. నా అభిప్రాయం అడిగితే, ఈ ఒక్క పేరు కింద రెండు మూడు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉండొచ్చు. అందుకే ఒకరికి పనిచేసిన మందు ఇంకొకరికి పనిచేయదు.

ఇక 'నరాల బలహీనత' సంగతి. బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్కన రాసి ఉండే ఈ మాటకు వైద్యంలో అర్థం లేదు. నలభై చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమనే మాట ఇప్పటికీ చదువుకున్నవాళ్ల నోట వింటుంటాను. వీర్యంలో ఎక్కువ భాగం ప్రొస్టేట్, శుక్రాశయ గ్రంథుల నుంచి వచ్చే ద్రవం. నీళ్లు, కాస్త చక్కెర, ప్రొటీన్లు. అది బయటికి పోయినంత మాత్రాన ఒంట్లో బలం పోదు. వీర్యం పోతోందన్న భయంతోనే నీరసపడిపోయే పరిస్థితికి 1960లో మానసిక వైద్యులు డాక్టర్ ఎన్.ఎన్.విగ్ 'ధాత్ సిండ్రోమ్' అని పేరుపెట్టారు. మన దగ్గర అది మామూలే. దాన్నీ పాయిస్‌నూ కలగలిపేయడం వల్లే మీలాంటివాళ్లు అటు క్లినిక్ దోపిడీకి, ఇటు 'మనసులోనే' అన్న మాటకు మధ్య నలిగిపోతున్నారు.

రెండింటినీ విడదీయడానికి నేను ఒక ప్రశ్న అడుగుతాను. నిద్రలో స్ఖలనమైన రోజున ఏమవుతోంది? భయపడే వ్యవధి కూడా లేకుండా, లేచేసరికే గొంతు గరగర, ఒళ్లునొప్పులు మొదలైతే భయాన్ని కారణంగా చూపడం కష్టం. అలాగే ధాత్ సిండ్రోమ్‌లో నీరసం, దిగులు రోజూ వెంటాడుతుంటాయి. మీకు ఐదో రోజు నుంచి హాయిగా ఉంటోంది. పాయిస్‌లో ఆ మధ్య రోజులు మామూలుగా ఉంటాయి.

రెండు నెలలపాటు ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎప్పుడు స్ఖలనమైంది, ఎంతసేపటికి మొదటి లక్షణం వచ్చింది, ఏది ముందు ఏది వెనక, ఎన్నో రోజుకు తగ్గింది, ఆ రోజుల్లో టెంపరేచర్ ఎంత, ఏ మందు వేసుకున్నారు... ఇవి చాలు. ఏ స్కానింగ్ కన్నా ఈ పుస్తకమే రోగనిర్ధారణకు ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే పాయిస్‌ను తేల్చిచెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు.

ఆ పుస్తకం తీసుకుని యూరాలజిస్టు దగ్గరికో, మగవాళ్ల లైంగిక, సంతాన సమస్యలు చూసే ఆండ్రాలజిస్టు దగ్గరికో వెళ్లండి. వాళ్లు ముందు మామూలు కారణాలు లేవని చూసుకోవాలి. రక్తహీనత, థైరాయిడ్, షుగర్, బి12, విటమిన్ డి, ఉదయంపూట టెస్టోస్టెరాన్, ప్రొస్టేట్ ఇన్‌ఫెక్షన్. ఉబ్బసం, ముక్కు అలర్జీ ఉంటే అదీ చెప్పండి. మీకు రెండుసార్లు టైఫాయిడ్ అన్నది బహుశా వైడాల్ అనే రక్తపరీక్ష చూసే అయ్యుంటుంది. జ్వరమే లేని మనిషికి ఆ ఒక్క పరీక్షతో టైఫాయిడ్ అని యాంటీబయాటిక్స్ వాడటం సరికాదు. ఇకపై గొంతు గరగరకు మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్స్ వేసుకోవద్దు.

ఒక హెచ్చరిక. కలయిక సమయంలో ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి రావడం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ముఖం వాచి ఊపిరి ఆడకపోవడం పాయిస్ కాదు. మొదటిసారి వచ్చినా సరే వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

చికిత్స విషయంలో మీకు పెద్ద ఆశలు పెట్టను. దీనికంటూ ఆమోదం పొందిన మందు లేదు. కలయికకు ముందు, తర్వాత ఒకటి రెండు రోజులు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి, వాపు తగ్గించే మందులు వాడితే కొందరికి తీవ్రత తగ్గింది. కొందరికి అలర్జీ మాత్రలు, ఇంకొందరికి డిప్రెషన్‌కు వాడే ఎస్ఎస్ఆర్ఐ మందులు కొంత మేలుచేశాయి. ఒక్కో మందును వేరువేరుగా, కొన్నిసార్లు వాడి నోటుపుస్తకంలో తేడా చూసుకోవాలి. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు. నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు ప్రమాదం, డెంగీ అనుమానం ఉన్నప్పుడు అసలు ముట్టుకోకూడదు. కాబట్టి డాక్టరు చెప్పాకే. డచ్ వైద్యులు ఇద్దరు రోగులకు వాళ్ల వీర్యాన్నే వేల రెట్లు పలచన చేసి, నెలల తరబడి ఇంజెక్షన్లుగా ఇస్తే మేలు కనిపించింది. ఇద్దరిలో కనిపించినదాన్ని చికిత్స అనలేం. ఇది ఇంట్లోనో చిన్న క్లినిక్‌లోనో చేయించుకునే పని కాదు, అలర్జీ తీవ్రమైతే ప్రాణం మీదికొస్తుంది.

మీ భార్యకు ఈ పేజీ చదివి వినిపించండి. ఇది అంటువ్యాధి కాదు, ఆమె వల్ల వచ్చినదీ కాదు. ఆమె బాధపడుతున్నది మీ నీరసానికి కాదు, కారణం తెలియని మీ మౌనానికి. స్ఖలనం వరకూ వెళ్లని దగ్గరితనం కూడా దగ్గరితనమే. చాలామంది ముఖ్యమైన మీటింగులు, పరీక్షలు లేని వారం చూసుకుని, శుక్రవారం రాత్రి కలిసి శనాదివారాలు విశ్రాంతికి ఉంచుకుంటారు. క్యాలెండర్ చూసి కాపురమా అని నవ్వొస్తే ఇద్దరూ కలిసే నవ్వుకోండి.

పిల్లల విషయానికొస్తే, పాయిస్ ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టకుండా పోరు. మీరు కలవడం తగ్గించేయడం వల్ల మాత్రం ఆలస్యం కావచ్చు. నెలసరి 28 రోజులకు సరిగా వచ్చేవాళ్లలో సుమారు 10 నుంచి 15వ రోజు మధ్య గర్భం వచ్చే అవకాశం ఎక్కువ. మీరు భరించగలిగిన ఒకటి రెండుసార్లనూ ఆ రోజుల్లోకి జరపండి. ఒకసారి వీర్యపరీక్ష చేయించుకోండి. ఆర్నెల్లలో ఫలితం లేకపోతే గైనకాలజిస్టును కలిసి, మీ సమస్య దాచకుండా చెప్పండి. ఒక వీర్య నమూనాతోనే ఐయూఐ, అంటే శుద్ధిచేసిన వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే పద్ధతి, ప్రయత్నించవచ్చు. అప్పుడు నెలకు ఒక్కసారి నీరసపడితే సరిపోతుంది.