పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: స్విచ్ వేయడానికి ముందు

ఇంజనీరింగ్ కళాశాలల్లోని ఎలక్ట్రికల్ ల్యాబ్‌ల గురించి ప్రశ్నలు పంపమని గత నెల ఈ శీర్షికలో కోరాము. వచ్చిన ఉత్తరాల్లోంచి అయిదింటిని ఎంచుకున్నాము. మెషీన్స్ ల్యాబ్‌లో చాలాకాలం పాఠం చెప్పి పదవీ విరమణ చేసిన ఆచార్యులొకరు వాటికి సమాధానాలు ఇస్తున్నారు.

ప్రశ్న: ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓపెన్ సర్క్యూట్ (రెండో వైపు తెరిచి ఉంచే) పరీక్షను తక్కువ వోల్టేజీ వైపు, షార్ట్ సర్క్యూట్ (రెండో వైపును తీగతో కలిపేసే) పరీక్షను ఎక్కువ వోల్టేజీ వైపు చేయించారు. మొదటిదానికి ఎల్‌పీఎఫ్ (తక్కువ పవర్ ఫాక్టర్) వాట్‌మీటర్, రెండోదానికి యూపీఎఫ్ (యూనిటీ, అంటే 1 పవర్ ఫాక్టర్) వాట్‌మీటర్ ఇచ్చారు. కారణం మాన్యువల్‌లో లేదు. వైవాలో అడిగితే ‘సౌకర్యం కోసం’ అన్నాను, మార్కులు పోయాయి. (రెండవ సంవత్సరం బి.టెక్. విద్యార్థిని, కాకినాడ)

సమాధానం: మీ జవాబు తప్పు కాదమ్మా. అయితే ఆ సౌకర్యం ఏమిటో అంకెలతో చెప్పనంతవరకు అది సగం జవాబే. మన ల్యాబ్‌లలో సాధారణంగా కనిపించే 2 కేవీఏ, 115/230 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకుందాం. తక్కువ వోల్టేజీ వైపు దాని పూర్తి కరెంటు సుమారు 17.4 ఆంపియర్లు, ఎక్కువ వోల్టేజీ వైపు 8.7 ఆంపియర్లు. ఈ రెండు అంకెలను కనెక్షన్లు ఇవ్వకముందే అబ్జర్వేషన్ పుస్తకంలో రాసుకుంటే మిగిలినదంతా వాటి నుంచే వస్తుంది.

ఓపెన్ సర్క్యూట్ పరీక్షలో మనకు కావలసినది కోర్‌లో జరిగే నష్టం. అది కోర్‌లోని అయస్కాంత ప్రవాహం మీద, అంటే మనమిచ్చే వోల్టేజీ మీద ఆధారపడుతుంది కాబట్టి పూర్తి వోల్టేజీ ఇచ్చి తీరాలి. 230 వోల్టుల వైపు కంటే 115 వోల్టుల వైపు ఇవ్వడం తేలిక, క్షేమం. పైగా లోడు లేనప్పటి చిన్న కరెంటు ఆ వైపు రెట్టింపుగా ఉంటుంది కనుక అమ్మీటర్ మీద స్పష్టంగా చదవవచ్చు. షార్ట్ సర్క్యూట్ పరీక్షలో కావలసినది తీగచుట్టల్లో జరిగే నష్టం. అది కరెంటు మీద ఆధారపడుతుంది కాబట్టి పూర్తి కరెంటు పంపాలి. ఎక్కువ వోల్టేజీ వైపునుంచి చేస్తే సుమారు 10 వోల్టుల దగ్గరే 8.7 ఆంపియర్లు పారుతాయి, మామూలు 10 ఆంపియర్ల అమ్మీటర్ సరిపోతుంది. రెండో వైపునుంచి చేస్తే 5 వోల్టులకే 17.4 ఆంపియర్లు వస్తాయి. అంత తక్కువ వోల్టేజీని వేరియాక్‌తో (వోల్టేజీని పెంచి తగ్గించే పరికరంతో) నిలకడగా పట్టి ఉంచడం, మీటర్ మీద సరిగా చదవడం రెండూ కష్టం.

ఇక వాట్‌మీటర్ల సంగతి. లోడు లేనప్పుడు 115 వోల్టుల దగ్గర 0.8 ఆంపియర్ కరెంటు, 28 వాట్లు వచ్చాయనుకోండి. పవర్ ఫాక్టర్, అంటే వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చేదానిలో నిజంగా ఖర్చయ్యే శక్తి వాటా, 0.3 దాకా వస్తుంది, ఎందుకంటే ఆ కరెంటులో అధిక భాగం కోర్‌ను అయస్కాంతీకరించడానికే పోతుంది. 150 వోల్టులు, 1 ఆంపియర్ యూపీఎఫ్ మీటర్ పూర్తి స్కేలు 150 వాట్లు. మీటర్ ఒక శాతం తరగతిదైతే పూర్తి స్కేలు మీద ఒకటిన్నర వాట్ల తేడా ఉండవచ్చు, మన 28 వాట్లలో అది 5 శాతానికి పైమాటే. అవే రేంజిలున్న 0.2 ఎల్‌పీఎఫ్ మీటర్ పూర్తి స్కేలు 30 వాట్లు. ముల్లు చివరి దాకా వెళ్తుంది, తేడా ఒక శాతం దగ్గర ఆగుతుంది. స్కేలు మీద 150 గీతలుంటే ఒక్కో గీత 0.2 వాటు. విద్యార్థులు ఎక్కువగా పొరపాటు పడేది ఈ గుణకం దగ్గరే. షార్ట్ సర్క్యూట్ పరీక్షలో, ఇలాంటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లలో నిరోధానిదే పైచేయి కాబట్టి పవర్ ఫాక్టర్ ఎక్కువగా ఉంటుంది, యూపీఎఫ్ మీటర్ సరిపోతుంది.

ఒక హెచ్చరిక కూడా గుర్తుంచుకోండి. షార్ట్ సర్క్యూట్ పరీక్షకు స్విచ్ వేసే ముందు వేరియాక్ సున్నా మీద ఉందో లేదో మీ చేత్తో తిప్పి చూసుకోవాలి. 10 వోల్టులకే పూర్తి కరెంటు పారే చోట 230 వోల్టులు పడితే 200 ఆంపియర్లు పారడానికి చూస్తాయి. ఫ్యూజు పోవడంతో ఆగితే అదృష్టమే.

ప్రశ్న: మా బ్యాచ్‌లో ఎనిమిది మందిమి ఒకే టేబుల్ దగ్గర ఉంటాము. ఇద్దరు కనెక్షన్లు ఇస్తారు, మిగిలినవాళ్లం చూస్తాము. ఆ తరువాత అందరం సీనియర్ల రికార్డులోంచి రీడింగులు ఎక్కిస్తాము. మార్కులు బాగానే వస్తున్నాయి. దీనివల్ల నిజంగా నష్టం ఏమిటి? (మూడవ సంవత్సరం విద్యార్థి, కరీంనగర్)

సమాధానం: ఇంత నిజాయతీగా అడిగినందుకు ముందుగా మిమ్మల్ని అభినందిస్తున్నాను. దీనికి నా విద్యార్థి దశలో జరిగిన సంగతితోనే జవాబు చెబుతాను.

డీసీ షంట్ జనరేటర్ (తన ఫీల్డ్‌కు, అంటే అయస్కాంతపు చుట్టకు, కరెంటును తానే ఇచ్చుకునే యంత్రం) ఓపెన్ సర్క్యూట్ వక్రం, అంటే ఎంత ఫీల్డ్ కరెంటుకు ఎంత వోల్టేజీ పుడుతుందో చూపే గీత, గీసే ప్రయోగం అది. యంత్రం ఆ రోజు మొరాయించడంతో నేను కూడా వేరొకరి రికార్డు చూసి పట్టిక నింపాను. ఫీల్డ్ కరెంటు సున్నా అయితే వోల్టేజీ కూడా సున్నాయే కదా అనే ధీమాతో మొదటి వరుసలో రెండు సున్నాలు వేశాను. పరీక్షకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఆ వరుస మీద వేలు పెట్టి, ‘బాబూ, మొదట సున్నా వోల్టులుంటే ఈ జనరేటర్ తనంతట తాను వోల్టేజీని ఎలా పెంచుకుంది?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన కోప్పడలేదు. నన్ను యంత్రం దగ్గరకు తీసుకువెళ్లి, ఫీల్డ్ తీగ విడదీయించి, పూర్తి వేగంతో తిప్పించారు. వోల్ట్‌మీటర్ ముల్లు 9 వోల్టుల దగ్గర సన్నగా వణుకుతూ నిలబడింది.

ఆ 9 వోల్టులు పోల్స్‌లో మిగిలిపోయిన అయస్కాంతత్వం వల్ల పుట్టినవి. షంట్ జనరేటర్‌కు ప్రాణం అక్కడే ఉంది. ఆ కాస్త వోల్టేజీ ఫీల్డ్‌లోకి కొంచెం కరెంటు పంపుతుంది, ఆ కరెంటు అయస్కాంతత్వాన్ని పెంచుతుంది, అది వోల్టేజీని ఇంకా పెంచుతుంది. ఫీల్డ్ తీగలు తారుమారైతే పుట్టిన కరెంటు మిగిలి ఉన్న అయస్కాంతత్వాన్నే చెరిపేస్తుంది, వోల్టేజీ పెరగదు. ఆ అయస్కాంతత్వం పూర్తిగా పోయినప్పుడు ఫీల్డ్‌కు బయటినుంచి కాసేపు డీసీ ఇచ్చి దాన్ని తిరిగి తేవాలి. ఇదంతా పాఠ్యపుస్తకంలో ఉన్నదే, నేను చదివినదే. కానీ నేను వేసిన సున్నా, పుస్తకంలో చదివినది నాకు అర్థం కాలేదని ఒక్క క్షణంలో బయటపెట్టింది.

ఎక్కించిన రీడింగుల్లో జరిగే అసలు నష్టం ఇదే. ఫీల్డ్ కరెంటు పెంచుతూ తీసుకున్న రీడింగులు, తగ్గిస్తూ తీసుకున్న రీడింగులు ఒకటి కావు. తగ్గేటప్పటి వక్రం హిస్టెరిసిస్ (ఇనుములో ముందటి అయస్కాంతత్వం కొంత నిలిచిపోవడం) వల్ల కాస్త పైన ఉంటుంది. మధ్యలో కరెంటును ఒకసారి వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తెస్తే ఒక బిందువు పక్కకు జరుగుతుంది. ఆ జరిగిన బిందువు ఎందుకు జరిగిందని అడిగే అవకాశం సీనియర్ల పట్టికలోంచి నున్నటి వక్రం గీసుకున్నవారికి ఎప్పటికీ రాదు.

ఎనిమిది మంది ఒక టేబుల్ దగ్గర ఉండటం మీ తప్పు కాదు, అది కళాశాల సరిదిద్దవలసిన లోపం. అంతవరకు మీ చేతిలో ఉన్నది చేయండి. ఎనిమిది మందీ స్విచ్ వేయకముందే ఏ మీటరు ఎంత చూపిస్తుందో తమ పుస్తకంలో వేరువేరుగా రాయండి. కనెక్షన్లు ఇచ్చేవారు ప్రతి వారం మారాలి. రీడింగులు పెన్నుతోనే రాయండి. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన రాయండి, చెరపవద్దు. మీ అంచనాకూ మీటరుకూ తేడా వచ్చిన చోట ఆ రోజు నేర్చుకోవలసినది ఉంటుంది.

ప్రశ్న: మా బ్యాచ్‌లో నేనొక్కదాన్నే అమ్మాయిని. డీసీ మోటార్ స్టార్ట్ చేసే పని ఎప్పుడూ అబ్బాయిలే తీసుకుంటారు, నన్ను రీడింగులు రాయమంటారు. నాకూ స్టార్టర్ హ్యాండిల్ అంటే కొంచెం భయమే. ఏం చేయాలి? (మూడవ సంవత్సరం విద్యార్థిని, అనంతపురం)

సమాధానం: వచ్చే వారం హ్యాండిల్ మీరే పట్టుకోండి. బ్యాచ్‌లో ఒప్పుకోకపోతే మీ ల్యాబ్ ఇన్‌ఛార్జి గారితో నేరుగా చెప్పండి. నా తరగతుల్లో ఎందరో అమ్మాయిలు ఇలాగే మూడేళ్లపాటు రాతపనికే పరిమితమై వెళ్లిపోవడం చూశాను. దాన్ని మొదట్లోనే ఆపలేకపోయినందుకు ఈనాటికీ బాధపడుతున్నాను.

భయం విషయానికి వస్తే, ఆ పెట్టె లోపల ఏముందో తెలిస్తే అది జాగ్రత్తగా మారుతుంది. 220 వోల్టులు, 3.5 కిలోవాట్ల మోటార్ పూర్తి లోడు మీద 19 ఆంపియర్లకు అటూ ఇటూగా తీసుకుంటుంది. ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే చుట్ట) నిరోధం ఒకటిన్నర ఓములుందనుకుంటే, ఆగి ఉన్న మోటార్‌కు నేరుగా 220 వోల్టులు ఇస్తే దాదాపు 147 ఆంపియర్లు పారతాయి, ఎందుకంటే తిరగని ఆర్మేచర్‌లో ఎదురు వోల్టేజీ పుట్టదు. త్రీ పాయింట్ స్టార్టర్ మొదట నిరోధాన్ని అడ్డుపెట్టి, వేగం పెరిగేకొద్దీ దాన్ని ఒక్కో స్టడ్ (హ్యాండిల్ తాకే లోహపు బొడిపె) చొప్పున తొలగించడానికి ఉన్నది. కాబట్టి హ్యాండిల్‌ను ఒక్క ఊపులో తోయకుండా, ప్రతి స్టడ్ దగ్గర మోటార్ శబ్దం పెరిగి కుదుటపడేదాకా నిలిపి జరపండి. చివరి స్టడ్ దగ్గర నో వోల్ట్ కాయిల్ అనే విద్యుదయస్కాంతం దాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టు మీ చేతికి తెలుస్తుంది.

స్టార్ట్ చేసే ముందు ఫీల్డ్ రియోస్టాట్ (ఫీల్డ్ కరెంటును మార్చే నిరోధం) కనిష్ఠ నిరోధం దగ్గర ఉందో లేదో మీరే చూడండి. ఫీల్డ్ బలహీనంగా ఉంటే వేగం అదుపు తప్పుతుంది, లోడు లేని మోటార్‌కు ఫీల్డ్ తీగ ఊడితే మరీ ప్రమాదం. మోటార్‌ను ఆపడానికి హ్యాండిల్‌ను వెనక్కి లాగవద్దు. మెయిన్ స్విచ్ తీసేస్తే స్ప్రింగు దాన్ని తనంతట తానే వెనక్కి తెస్తుంది. జడ, చున్నీ, వదులు చేతులు షాఫ్ట్‌కు దూరంగా ఉండాలి. ఈ మాట అబ్బాయిల చొక్కా చేతులకు, మెడలోని గుర్తింపు కార్డు తాళ్లకు కూడా వర్తిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి సిలబస్‌లో స్విన్‌బర్న్ పరీక్ష, హాప్కిన్సన్ పరీక్ష ఇంకా ఉన్నాయి. కంప్యూటర్ మీద వర్చువల్ ల్యాబ్‌లు వచ్చిన ఈ రోజుల్లో వందేళ్లు దాటిన ఈ ప్రయోగాలు దేనికి? (ఒక తండ్రి, హైదరాబాద్)

సమాధానం: ఆ పరీక్షలు పాతవైనా అవి పరిష్కరించిన సమస్య పాతబడలేదు. పెద్ద యంత్రానికి పూర్తి లోడు పెట్టి పరీక్షించాలంటే అంత శక్తిని ఎక్కడినుంచి తేవాలి, వచ్చినదాన్ని ఎక్కడ ఖర్చు చేయాలి? జాన్ హాప్కిన్సన్ 1886లో చూపిన మార్గంలో ఒకే రకమైన రెండు యంత్రాలను షాఫ్ట్‌తో కలిపి, ఒకదాన్ని మోటార్‌గా, రెండోదాన్ని జనరేటర్‌గా నడిపి, జనరేటర్ ఇచ్చే శక్తిని తిరిగి మోటార్‌కే పంపుతారు. బయటినుంచి నష్టాలకు సరిపడా ఇస్తే చాలు. 100 కిలోవాట్ల రెండు యంత్రాల్లో ఒక్కోదాని నష్టం 10 శాతమనుకుంటే సుమారు 20 కిలోవాట్లతో రెండింటినీ పూర్తి లోడు మీద నడపవచ్చు. రైలు ఇంజన్ల ట్రాక్షన్ మోటార్లను పరీక్షించడంలో ఈ ఉపాయం ఇప్పటికీ వాడుకలో ఉంది. జేమ్స్ స్విన్‌బర్న్ పద్ధతిలో లోడు లేకుండానే మోటార్ నడిపి స్థిర నష్టాలను కొలిచి, ఏ లోడు దగ్గరైనా దక్షతను లెక్కకడతారు. పూర్తి లోడు మీద యంత్రం ఎంత వేడెక్కుతుందో మాత్రం అది చెప్పదు. లోడు లేకుండా నడపకూడని సీరీస్ మోటార్‌కు అది పనికిరాదు. ఈ పరిమితులను కూడా విద్యార్థి తెలుసుకోవాలి.

కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్ మంచి ప్రయత్నం, అందులో మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా పాలుపంచుకుంటోంది. ల్యాబ్‌కు వచ్చే ముందు రోజు రాత్రి మీ అబ్బాయి ఆ ప్రయోగాన్ని తెర మీద ఒకసారి చేసుకుని వస్తే ఎంతో మేలు. అయితే వదులైన టెర్మినల్ దగ్గర వచ్చే వేడి, వార్నిష్ కాలే వాసన, బ్రష్షుల దగ్గర మెరిసే నిప్పురవ్వలు తెర మీద ఉండవు. రేపు సబ్‌స్టేషన్‌లో గాని, కర్మాగారంలో గాని యంత్రం పాడవుతున్నదని అతనికి ముందుగా చెప్పేవి అవే. అందుకే తెరను ల్యాబ్‌కు బదులుగా వాడటానికి నేను ఒప్పుకోను.

ప్రశ్న: పాలిటెక్నిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ను. కొత్త పరికరాలకు నిధులు లేవు. ఉన్నవాటితో ల్యాబ్‌ను క్షేమంగా నడపడానికి ముందుగా దేని మీద దృష్టి పెట్టాలి? (రాజమహేంద్రవరం)

సమాధానం: ల్యాబ్ ఎలా నడుస్తుందన్నది ఆచార్యుల కంటే మీవంటి వారి చేతుల్లోనే ఎక్కువగా ఉందని నా అనుభవం. సెమిస్టర్ మొదలయ్యే ముందు ప్రతి యంత్రం బాడీకీ ఎర్త్‌కీ మధ్య కంటిన్యుటీ (తీగ ఎక్కడా తెగకుండా ఉందో లేదో) చూడండి, తరువాత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరుతో) ఇన్సులేషన్ చూడండి. ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపిన యంత్రాన్ని కారణం తేలేదాకా విద్యార్థులకు ఇవ్వవద్దు. వర్షాకాలం సెలవుల తరువాత తేమ వల్లనే చాలా యంత్రాలు తక్కువ చూపుతాయి, ఆరబెట్టి మళ్లీ చూడండి. కమ్యుటేటర్ (బ్రష్షులు ఆనుకునే రాగి ముక్కల వలయం) నల్లబడితే సన్నని గాజు కాగితంతో శుభ్రం చేయండి. ఎమరీ కాగితం వద్దు, దాని పొడి కరెంటును పారనిచ్చి పక్కపక్క ముక్కలను కలిపేస్తుంది.

30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) ఉంటే మంచిదే, కానీ అది అన్ని చోట్లా కాపాడుతుందని విద్యార్థులు నమ్మకుండా చూడండి. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు, డీసీ ప్యానెల్ వైపు జరిగే లోపాలను అది పట్టుకోలేకపోవచ్చు. అత్యవసర స్టాప్ బటన్‌ను వారానికోసారి మీరే నొక్కి చూడండి.

అన్నిటికంటే ముందు, కొసలు ఒలిచిన తీగలను, పగిలిన ప్లగ్గులున్న తీగలను ఈ వారమే ఏరి పక్కన పెట్టండి. వాటిని విద్యార్థులు తిరిగి తీసుకోకుండా మధ్యకు కత్తిరించి పారేయండి. మిగిలినవాటిని పొడవును బట్టి గోడకు కొట్టిన మేకులకు తగిలించండి. ప్రయోగం అయ్యాక ప్రతి బ్యాచ్ తన తీగలను లెక్కపెట్టి, అదే మేకుకు తగిలించాకే మీ రిజిస్టర్‌లో సంతకం పెట్టాలని నియమం పెట్టండి.