గేమ్‌లో బాస్ ఫైట్‌కి, అంటే పెద్ద రాక్షసుడితో పోరుకి, భయపెట్టే ఆర్కెస్ట్రా మ్యూజిక్ ఎలా చేయాలి? నాది ఎంత చేసినా సీరియల్ బీజీఎంలా వస్తోంది

మీ ప్రశ్న చదవగానే నవ్వొచ్చింది. ఏడేళ్ల కిందట నన్నూ ఒకాయన సరిగ్గా ఇదే మాటన్నాడు. బెంగళూరులో చిన్న టీం, ఫోన్ గేమ్, చివర్లో రాతి రాక్షసుడు. నేను పంపిన మ్యూజిక్ విని, "బాగుంది బ్రో, కానీ కోడలు తలుపు తీస్తే ఎదురుగా అత్తగారు నిలబడినట్టుంది" అన్నాడు. అరవై ట్రాకులు పేర్చి, నెల రోజులు కూర్చున్నవాణ్ణి. ఆ రాత్రి అన్నం సహించలేదు.

మీరు తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతూ స్నేహితులతో గేమ్ చేస్తున్నామన్నారు. ఒక ల్యాప్‌టాప్, 25 కీల కీబోర్డు ఉన్నాయన్నారు. నాదస్వరం, డప్పు కలపొచ్చా అని కూడా అడిగారు. పరికరాల సంగతి ముందు తేల్చేస్తాను, అందులో పెద్దగా చెప్పడానికేమీ లేదు. మీ దగ్గరున్నవి చాలు. సాఫ్ట్‌వేర్‌కి రీపర్ తీసుకోండి, 60 రోజులు ఊరికే వాడి చూడొచ్చు. వాయిద్యాలకు బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా డిస్కవర్ ఉచితంగా దొరుకుతుంది. నేను ఇప్పటికీ మొదటి డ్రాఫ్టు దాంట్లోనే కడతాను.

అసలు రోగం వేరే చోట ఉంది. సీరియల్ బీజీఎం పని "ఇప్పుడు ఉలిక్కిపడండి" అని చెప్పడం. కెమెరా మూడుసార్లు ముఖం మీదికి దూసుకొస్తే మూడుసార్లు ధడేల్‌మంటుంది. వంటింట్లో కూర కలుపుతున్నవాళ్లకు కూడా ఏదో జరిగిందని తెలియాలి కదా. బాస్ ఫైట్ ఆడేవాడికి ఆ కబురు అక్కర్లేదు, రాక్షసుడు వాడి కళ్లముందే ఉన్నాడు. పైగా వాడు నలభైసార్లు చచ్చి నలభైసార్లు మొదట్నుంచి వస్తాడు. మీ ధడేల్ మూడోసారికి జోకైపోతుంది, పదోసారికి మ్యూట్ పడుతుంది. నా ట్రాకుకి పట్టిన గతి అదే. టెస్టింగ్‌కి కూర్చున్న పిల్లలు మ్యూజిక్ ఆపేసి ఆడారట.

నాకు కళ్లు తెరిపించింది ఏ ట్యుటోరియలూ కాదు, దుర్యోధన వధ. మా అమ్మమ్మగారి ఊరు పుత్తూరు వైపు. ఆ వేసవిలో భారతం తిరునాళ్లకు వెళ్లాను, విరిగిన ట్రాకుకి పుత్తూరు కట్టు వేయించుకోడానికి వెళ్లినట్టు. మీది ఈ జిల్లానే అయితే చూసే ఉంటారు. ద్రౌపదమ్మ గుడి ముందు మైదానంలో మట్టితో పెద్ద దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి రంగులు వేస్తారు. ఆ బొమ్మ చుట్టూ, దాని పొట్ట మీద, ఛాతీ మీద భీముడి వేషగాడూ దుర్యోధనుడి వేషగాడూ గదలు పట్టుకుని తరుముకుంటారు. ఎండ నెత్తి మీదికొచ్చేదాకా అదే తరుము. చివరికి భీముడు తొడ మీద కొట్టగానే అందులో దాచిన ఎర్రనీళ్లు బయటికొస్తాయి, ద్రౌపది వచ్చి జుట్టు ముడేసుకుంటుంది. బాస్ ఫైట్ అంటే ఇంతకు మించి ఏముంది?

మామూలుగా అయితే ఆట చూసి వచ్చేసేవాణ్ణే. ఆ రోజు మాత్రం వాద్యాల దగ్గర నిలబడ్డాను. ఉన్నవి మూడే: హార్మోనియం, మద్దెల, తాళాలు. వాయించేది కూడా ఒకే చిన్న ముక్క, తిప్పి తిప్పి అదే. అయినా వెంట్రుకలు లేచి నిలబడుతున్నాయి. ఎందుకా అని చాలాసేపు గమనిస్తే తెలిసింది. మద్దెల తాత తన మద్దెల వైపు చూడనే చూడటం లేదు. భీముడు ఒకచోట ఆగి, గద రెండు చేతులా పైకెత్తాడు. అంతే, మద్దెల ఆగిపోయింది. హార్మోనియంలో ఒక్క స్వరం సాగుతోంది, తాళం టిక్కు టిక్కుమంటోంది. అంతసేపూ ఈలలు వేసిన జనం నోళ్లు మూతపడ్డాయి. గద దిగాకే మద్దెల మళ్లీ లేచింది.

తర్వాత టీ దగ్గర అడిగాను, "ఎప్పుడు ఆపాలో నీకెట్ల తెలుస్తుంది తాతా?" అని.

"వాని కాళ్లు చూసి వాయిస్తాండా నాయనా. కుడికాలు ఎనక్కి పెట్టినాడంటే దెబ్బ ఏస్తాడని. అప్పుడు చెయ్యి తీసేస్తా. నేను గూడా కొడితే వాని దెబ్బ ఎవురికి ఇనపడుతుంది?"

గేమ్ మ్యూజిక్‌లో నేను నేర్చుకున్నదంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. మీరు పాట రాయడం లేదు, కాళ్లు చూసి వాయించే మనిషిని తయారుచేస్తున్నారు.

దీన్ని కంప్యూటర్లో ఎలా చేయాలంటే, మ్యూజిక్‌ని ఒకే ఫైలుగా ఇవ్వకండి. ఒకే వేగం, ఒకే నిడివి ఉన్న మూడు పొరలుగా ఇవ్వండి. కింది పొరలో చెల్లోలు, డబుల్ బాస్‌లు (వయొలిన్ జాతిలో లావు గొంతువి), ఒక పెద్ద డ్రమ్ము, అంటే నాడి. మధ్య పొరలో హార్న్‌లు, ట్రాంబోన్‌లు, అంటే ఊదే ఇత్తడి వాయిద్యాలు. పై పొరలో కోరస్, వణికే వయొలిన్లు. ఫైట్ మొదట్లో నాడి ఒక్కటే మోగాలి. రాక్షసుడి ప్రాణం సగానికి తగ్గితే మధ్య పొర, పాతికకి తగ్గితే పై పొర. గేమ్‌లో శబ్దాలను నడిపే సాఫ్ట్‌వేర్లు ఎఫ్‌మాడ్‌లో గానీ వైజ్‌లో గానీ ఈ పని చేయొచ్చు, మీ ప్రోగ్రామర్ స్నేహితుడు ఒక్క అంకె పంపిస్తే చాలు. ఇంకో అంకె కూడా అడిగి తీసుకోండి: రాక్షసుడు పెద్ద దెబ్బకు చెయ్యెత్తిన క్షణం. అప్పుడు పొరలన్నీ తీసేసి ఒక్క సన్నటి స్వరం మాత్రం ఉంచండి. ఆడేవాడు అది విని తప్పుకోవడం నేర్చుకుంటాడు. నేర్చుకున్నాక భయం పెరుగుతుంది, తగ్గదు. నిశ్శబ్దం వచ్చిందంటే ఏం రాబోతోందో వాడికిప్పుడు తెలుసు.

తాళం గురించి ఒక మాట. నాలుగు నాలుగుగా పోతే కాలు లయకు అలవాటు పడి హాయిగా ఆడుతుంది, హాయి మనకు వద్దు. మిశ్ర చాపు పెట్టండి, మూడూ నాలుగూ కలిపి ఏడు దెబ్బల తాళం, తకిట తకధిమి. ఏడో దెబ్బ దగ్గర నేల అర అడుగు తక్కువైనట్టు ఉంటుంది. సాఫ్ట్‌వేర్లో 7/8 అని పెట్టి వేగం 140 (నిమిషానికి 140 క్వార్టర్ నోట్లు) ఇస్తే ఒక్కో ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, సరిగ్గా ఒకటిన్నర సెకను. 64 ఆవర్తాలకు 96 సెకన్లు, లూప్‌కి, అంటే ఆగకుండా తిరిగే ముక్కకి, చక్కటి నిడివి. పొర మారాలన్నా ఆవర్తం అయ్యేదాకా ఆగాల్సింది మహా అయితే ఒకటిన్నర సెకనే కాబట్టి, ఆటకీ మ్యూజిక్‌కీ ఎడం తెలియదు. ఐదు దెబ్బల మీద భయం ఎలా కడతారో వినాలంటే ఇంగ్లండ్ స్వరకర్త గుస్తావ్ హోల్స్ట్ 1914లో రాసిన 'మార్స్' మొదటి నిమిషం వినండి. తీగల మీద కమాను వెంట్రుకలతో కాకుండా దాని కర్రతో కొట్టిస్తాడు, అదీ మెల్లగా. దూరం నుంచి ఏదో వస్తున్నట్టుంటుంది.

ఇక స్వరాలు. ఇంగ్లీషు ట్యుటోరియళ్లన్నీ ఒకటే చెబుతాయి: స పక్కనే అర మెట్టు పైన ఉండే స్వరం వాడితే భయం వస్తుందని. అది మన శుద్ధ రిషభం. వాళ్ల చెవికి భయమేమో గానీ, మన పిల్లలు సరళీ స్వరాలు మొదలుపెట్టేదే ఆ రిషభం ఉన్న మాయామాళవగౌళలో. మనకది పొద్దున పూట పక్కింటి పాప పాఠం. నేను ఆ సలహా నమ్మి చేసిన ట్యూన్ మా అమ్మకు వినిపిస్తే "గుళ్లో ఉన్నట్టుంది నాయనా" అంది. రాక్షసుడి ట్యూన్ అది!

మన చెవిని కలవరపెట్టాలంటే మనం ఆనుకునే గోడను తీసేయాలి, అంటే పంచమాన్ని. తంబూరాలో స, ప విని విని దాన్నే నేల అనుకుంటాం. ప తీసేసి దాని కిందున్న ప్రతి మధ్యమం పట్టుకుని కూర్చోండి. అడుగున స ఒక్కటే, దాని మీద హార్న్‌లలో ఆ మధ్యమం. దానికి తోడు స, శుద్ధ రి, శుద్ధ గ మూడూ పక్కపక్కనే పెట్టి పాకించండి. 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, 40 ఇలాంటి వివాది (ఒకదానితో ఒకటి పొసగని) స్వరాలు ఉన్నవే. కచేరీల్లో వాటిని జాగ్రత్తగా తాకుతారు, మనం జాగ్రత్త లేకుండా తాకొచ్చు.

కొత్తవాళ్లంతా చేసే తప్పు ఒకటుంది, నేనూ చేశాను. చీకటి అంటే కింది స్వరాలే కదా అని గరుకంతా అడుగునే పోస్తారు. కింద దగ్గరదగ్గర స్వరాలు పెడితే భయం రాదు, బురద వస్తుంది. అడుగున ఒక్క స్వరం శుభ్రంగా ఉండాలి. రాపిడి అంతా మధ్యలో, ట్రాంబోన్‌లు వయోలాలు ఉండేచోట. ఫోన్ గేమ్ అయితే ఇది మరీ ముఖ్యం. డబుల్ బాస్ అడుగు తీగ సుమారు 41 హెర్ట్‌జ్, ఫోన్ స్పీకర్లో అది పలకనే పలకదు. నా అరవై ట్రాకుల్లో సగం అక్కడే గల్లంతయ్యాయి. బాస్ స్వరాన్నే ఒక ఆక్టేవు (స్థాయి) పైన బసూన్ అనే ఊదే వాయిద్యంతో కలిపి వాయించండి, బాస్ ట్రాకు మీద కొంచెం సాచురేషన్, అంటే శబ్దానికి గరుకు చేర్చే ఎఫెక్ట్, వేయండి. ఆ స్వరంతో పాటు పలికే పై హార్మోనిక్స్ (పై స్వరాలు) వినబడితే చాలు, కింద లేని స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. అలాగే కత్తుల చప్పుడు, దెబ్బల చప్పుడు ఉండే పై స్థాయిల్లో సింబల్స్ పోసి నింపకండి. మద్దెల తాత అన్నట్టు, వాని దెబ్బ ఎవురికి ఇనపడుతుంది?

హార్న్ శాంపిళ్లు (రికార్డు చేసిన స్వరాలు) మెల్లగా పలికినవి తీసుకుని వాల్యూమ్ పెంచితే గర్జన రాదు. ఇత్తడి వాయిద్యం గట్టిగా ఊదినప్పుడు దాని గొంతే మారుతుంది. కీబోర్డు మీది మాడ్ వీల్ అనే చక్రాన్ని రెండు ఆవర్తాల పాటు కింది నుంచి మెల్లగా తోయండి, ఆ మార్పు వినబడుతుంది. ఊదే మనిషికి ఊపిరి కావాలని మర్చిపోవద్దు. ఎనిమిది ఆవర్తాలు ఆగకుండా ఫుల్లుగా ఊదే ట్రాంబోన్ వింటే చెవి వెంటనే "కీబోర్డు" అనేస్తుంది.

లూప్ అతుకు దగ్గర టక్కుమంటోందని మీరు పంపిన ఆడియోలో విన్నాను. చివరి స్వరం ప్రతిధ్వని లూప్ మొదటికి చేరకుండా తెగిపోతోంది. ముక్కని వరసగా రెండుసార్లు వాయించి ఎక్స్‌పోర్ట్ చేసి, రెండో సారిది కత్తిరించుకోండి, దాని మొదట్లో పాత ప్రతిధ్వని కలిసే ఉంటుంది. ఇంట్రో విడిగా ఉంచండి. చచ్చి తిరిగొచ్చేవాడికి ఇరవై సెకన్ల ఇంట్రో మళ్లీ వినిపించడం పాపం.

కోరస్‌కి మంత్రాలు పెట్టకండి. నాకు ఒక క్లయింటు "సంస్కృతంలో ఏదైనా భయంగా" అన్నాడు. ఊళ్లో పొద్దున లేస్తే వినబడే మాటలను రాక్షసుడికి తగిలించడం నాకు నచ్చలేదు, ఆడేవాళ్లకూ నచ్చదు. బదులుగా నలుగురం ఫ్రెండ్స్ కూర్చుని "తకిట తకధిమి" అని గుసగుసగా చెప్పి రికార్డు చేసి, పిచ్ దించాం. ఎవరూ గుర్తుపట్టలేదు, అందరూ భయపడ్డారు.

పెద్ద ఆర్కెస్ట్రానే కావాలని పట్టుబట్టకండి కూడా. 2011లో వచ్చిన డార్క్ సోల్స్‌లో ఆఖరి బాస్ దగ్గర స్వరకర్త మోతోయి సకురాబా పెట్టింది పియానో ఒక్కటే. అంత గేమ్ ఆడి వచ్చినవాడికి అక్కడ డ్రమ్ములు లేకపోవడమే గుండెలో కలుక్కుమంటుంది.

నాదస్వరం, డప్పు తప్పకుండా కలపండి, కానీ పద్ధతి ఉంది. నాదస్వరం శ్రుతి మీరు మార్చలేరు. బారీ (పొడవు రకం) నాదస్వరం మామూలుగా రెండు, రెండున్నర కట్టై (శ్రుతి కొలత) దగ్గర ఉంటుంది, అంటే డీ, డీ షార్ప్. మీ ట్రాకునే ఆ శ్రుతికి తెచ్చుకోండి, వాయించే ఆయన్ని మీ శ్రుతికి రమ్మంటే కుదరదు. తిరుపతిలో దేవస్థానం వారి సంగీత కళాశాల ఉంది, నాదస్వరం నేర్చుకున్నవాళ్లకు కొదవలేదు. అడిగితే ఎవరైనా వస్తారు, ఊరికే మాత్రం వాయించమనకండి. గదిలో రికార్డు చేయొద్దు, గోడలు తిరిగి కొడతాయి. మేము బైరాగిపట్టెడలో మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన, మైకు పది అడుగుల దూరంలో పెట్టి చేశాం. మధ్యలో కుక్కలు, ఆటో హారన్లు, కింది ఇంటావిడ "పెళ్లెవరిదబ్బా?" అని పైకి రావడం, అన్నీ అయ్యాయి.

నాదస్వరం ఆయన చేత రాగం వాయింపించలేదు. వాయిస్తే పెళ్లే గుర్తొస్తుంది. ఊపిరి ఉన్నంతసేపు ప్రతి మధ్యమం ఒక్కటే పట్టమన్నాను. చివర్లో ఊపిరి అయిపోతూ స్వరం కొంచెం కిందికి జారి, వణికి, ఆగింది. ఆయన "సారీ సార్, ఇంకోసారి తీసుకుందాం" అన్నాడు. వద్దన్నాను. రాక్షసుడు చెయ్యెత్తినప్పుడు మిగతావన్నీ ఆగి వినబడేది ఇప్పుడు ఆ స్వరమే.